పసుపు డబ్బా, పాప చేతులు

మీ ఇంట్లో దెబ్బ తగిలితే ముందు ఏం రాస్తారు? డర్బన్‌లోని మా ఇంట్లో పసుపే. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి ఇక్కడికి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన ఓడల్లో మా పెద్దలూ చెరకు తోటల పనికి వచ్చారు. మా ఇంట్లో భాష కొంత పోయింది. పసుపు మాత్రం పోలేదు.

అందుకే నా మనవరాలికి ఎగ్జిమా వచ్చినప్పుడు నేను డబ్బా తీశాను. పాపకు నాలుగేళ్లు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనుక ఎర్రగా దద్దుర్లు. రాత్రంతా గోక్కునేది. "డాక్టరు ఇచ్చిన ఆయింట్‌మెంటు ఆపొద్దు అత్తయ్యా" అంది కోడలు. నేను వినలేదు. కొబ్బరినూనెలో పసుపు కలిపి రాశాను. వారం తిరిగేసరికి పుండ్లు పడి చీము పట్టింది. నన్ను చూస్తే చాలు, పాప చేతులు వెనక్కి దాచుకునేది.

క్లినిక్‌లో డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. మీకూ చెబుతాను.

చర్మం ఇంటి గోడలాంటిది. ఎగ్జిమా ఉన్నవాళ్ల గోడలో సందులుంటాయి. దుమ్ము, సబ్బు లోపలికి పోతాయి. ఒంటిని కాపాడే కణాలు వాటిని శత్రువులనుకుంటాయి. ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13 అనే సంకేతాలు పంపుతాయి. దాంతో వాపు, దురద. గోకితే గోడ ఇంకా పాడవుతుంది.

పసుపుకు ఆ రంగునిచ్చేది కుర్‌క్యుమిన్. దాన్ని 1815లోనే వేరుచేశారు. కణాల్లో వాపును రగిలించే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే మీటను అది ప్రయోగశాలలో అణచింది. ఎలుకల్లో అలర్జీ వాపు కూడా తగ్గింది. అంటే మా అవ్వ మాట ఉత్తది కాదు. కానీ 100 గ్రాముల పసుపులో కుర్‌క్యుమిన్ సుమారు 3 గ్రాములే. అది నీళ్లలో కరగదు. తిన్నా ఒంటికి పట్టేది తక్కువ. కొందరికి పసుపే పడక దద్దుర్లు వస్తాయి. పైగా వంటింటి పొడిలో క్రిములుండవచ్చు. పగిలిన చర్మం మీద రాస్తే అవీ లోపలికి పోతాయి.

"ఇంట్లో ఏది రాసినా మాకు చెప్పండి, దాచకండి" అంది డాక్టరమ్మ. మీకు నేను చెప్పేదీ అదే.

మందులతో పుండ్లు మానాయి. ఇప్పుడు స్నానం కాగానే, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే పాపకు క్రీము రాస్తాం. పసుపు పప్పులోకి, శుక్రవారం గడపకు. మొన్న నేను క్రీము డబ్బా మూత తీస్తుంటే, పాప తనే వచ్చి రెండు చేతులూ చాపింది.