పెంగ్విన్లు లేని అంటార్కిటికా

ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌లో అంటార్కిటికా మీద పీహెచ్‌డీ అనగానే మనవాళ్లు ముందు అడిగేది పెంగ్విన్ల గురించి. నేను ఇంతవరకూ ఆ ఖండం మీద కాలు పెట్టలేదు. అంటార్కిటికా పరిశోధన ఓడ నుయినా ఈ ఊరి రేవు నుంచే దక్షిణానికి వెళ్తుంది గానీ, ఉపగ్రహాల లెక్కలు చూసుకునే విద్యార్థికి అందులో చోటు అంత తేలిగ్గా దొరకదు. నా మంచు మొత్తం కంప్యూటర్‌లోనే.

నేను చూసేది ఏమెరీ ఐస్ షెల్ఫ్. ఖండం మీది హిమానీనదాలు దిగివచ్చి, నేలను వదిలి సముద్రం మీద తేలే పలక అది. వందల మీటర్ల మందం. సముద్రపు నీరే గడ్డకట్టిన సీ ఐస్ వేరు, అందులో ఎక్కువ భాగం ఏటా వచ్చి పోయేదే. మన దేశపు భారతి పరిశోధన స్థావరం ఏమెరీకి తూర్పున, లార్స్‌మన్ కొండల్లో ఉంది.

నాసా 2018లో పంపిన ఐస్‌శాట్-2 సెకనుకు పదివేల లేజర్ మెరుపులు వదిలి, అవి తిరిగొచ్చే సమయాన్ని బట్టి మంచు ఎత్తు చెబుతుంది. తేలే మంచులో నీటిపైన ఉండేది పదో వంతు అటూఇటూ. అంటే ఎత్తులో అడుగు తేడా వస్తే మందంలో పది అడుగులు తప్పు. పైగా ఆటుపోట్లకు పలక మొత్తం లేచి దిగుతుంటుంది. ఆ కదలికను తీసేశాకే అసలు లెక్క మొదలు. విద్యార్థి కాలమంతా ఈ తీసివేతలకే సరి.

ఏమెరీ అంచున పగుళ్ల మధ్య వేలాడే ముక్కకు శాస్త్రవేత్తలు ‘ఊగే పన్ను’ అని పేరు పెట్టారు. 2010–15 మధ్య ఊడుతుందని హెలెన్ ఫ్రికర్ అనే శాస్త్రవేత్త బృందం అంచనా వేసింది. ఊడలేదు. 2019 సెప్టెంబరులో దాని పక్కది ఊడింది: 1,636 చదరపు కిలోమీటర్లు, సుమారు 31,500 కోట్ల టన్నులు.

ఈ కథ చెబితే బాపట్లలోని మా మామయ్య, “భూతాపమే కదరా!” అన్నాడు. “కాదు మామయ్యా. అంత పెద్ద ముక్క అంతకుముందు 1960ల మొదట్లో విడిపోయింది. పలక పెరగడం, అంచు విరగడం దాని సహజ క్రమమే” అన్నాను. ఆయనకు నచ్చలేదు.

అంటార్కిటికాలోనే మరో ఐస్ షెల్ఫ్ లార్సెన్-బి సంగతి అది కాదు. 2002లో వేసవి కరుగునీరు పగుళ్లలోకి దిగి, నెల పైచిలుకులో 3,250 చదరపు కిలోమీటర్ల పలక ముక్కలైపోయింది. అడ్డు తొలగాక వెనకున్న హిమానీనదాలు వేగం అందుకున్నాయి. తేలే మంచు పోతే సముద్రమట్టం నేరుగా పెరగదు, అది ఆపి ఉంచిన నేల మీది మంచు జారితే పెరుగుతుంది. ఇక అంటార్కిటికా సీ ఐస్ 2023 శీతాకాలంలో 1.696 కోట్ల చదరపు కిలోమీటర్ల దగ్గరే ఆగింది. 1981–2010 సగటు కంటే 17.5 లక్షలు తక్కువ, మన దేశంలో సగం పైచిలుకు. ఇది మామూలు కాదని గట్టిగా చెప్పగలుగుతున్నామంటే, 1970ల చివరి నుంచీ ఉపగ్రహాల కొలతలు తెగకుండా ఉండబట్టే.

ఐస్‌శాట్-2 కొలతలన్నీ ఉచితం, ఖాతా తెరిస్తే చాలు. ఫిజిక్స్, గణితం చదువుతూ ప్రాజెక్టుకు ఏం తీసుకోవాలో తోచని పిల్లలు ఏమెరీ మీదుగా ఉపగ్రహం వెళ్లిన ఒక్క దారి తాలూకు డేటా దించుకుని చూడండి. కాస్త పైథాన్ వస్తే సరిపోతుంది.