గుమ్మడాకులు కావాలండీ!

నేనుండే ఊరి పేరు కీన్. న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో నైరుతి మూలన ఉంటుంది, జనాభా ఓ ఇరవై మూడు వేలు. కరివేపాకు కావాలంటే నాషువా దాకా గంటకు పైగా డ్రైవింగ్. 2022లో ప్రాజెక్టు కోసం వచ్చినప్పుడు "ఆర్నెల్లు ఓపిక పట్టు, డల్లాస్‌కో న్యూజెర్సీకో మారిపోదాం" అని మా ఆవిడకి మాటిచ్చాను. ఆ ఆర్నెల్లు ఇంకా అవుతూనే ఉన్నాయి :)

ఈ ఊరిని బయట ప్రపంచం గుర్తుపట్టేది గుమ్మడికాయల వల్ల. ఒకప్పుడు అక్టోబర్‌లో మెయిన్ స్ట్రీట్ నిండా గుమ్మడికాయలు తొలిచి, లోపల దీపాలు పెట్టేవాళ్ళు. 2013లో ఒకేసారి 30,581 వెలిగించి గిన్నిస్ రికార్డు కొట్టారు. ఆ మరుసటి ఏడాది, 2014లో, పండగ రోజునే కుర్రాళ్ళ గుంపులు గొడవలు చేయడంతో ఆ పెద్ద పండగ ఊళ్ళోంచి పోయింది. మనూళ్ళో జాతర ఆగిపోయినట్టే అనుకోండి. పాతవాళ్ళు ఇప్పటికీ ఆ సంగతి తల్చుకుంటూ ఉంటారు.

నిజం చెప్పాలంటే మొదటి మూడేళ్ళు మాకు ఇక్కడి ఆకురాలు కాలమంటే ఒక చెక్‌లిస్టు. మొనాడ్నాక్ కొండ (3,165 అడుగులు, ఎక్కేటప్పుడు మోకాళ్ళు లెక్కపెట్టుకుంటాయి) ఎక్కాం, టిక్. పక్కూరు స్వాంజీలో పైకప్పున్న చెక్క వంతెనల దగ్గర ఫొటో, టిక్. తోటలో యాపిల్స్ కోసుకోవడం, టిక్. సైడర్ డోనట్లు, రెండు టిక్కులు. సాయంత్రానికి ఫొటోలన్నీ వాట్సాప్ గ్రూపులోకి. కింద "సూపర్ బ్రో" కామెంట్లు. మనసు మాత్రం ఎప్పుడూ ఇంకెక్కడో ఉండేది.. దసరాకి టికెట్ ఎంతుందో చూసే వెబ్‌సైట్‌లో.

2025లో మాత్రం నిజంగానే టికెట్ కొన్నాం, సెప్టెంబర్ 22కి. ఐదేళ్ళయింది ఇంటికెళ్ళి. మా నాయనమ్మకి ఎనభై దాటాయి, మనుషుల్ని మర్చిపోతోంది. "ఈ దసరాకి వస్తున్నాం" అంటే ఫోన్లో మూడుసార్లు అడిగి రూఢి చేసుకుంది.

తర్వాత ఏమైందో మీలో చాలామందికి తెలిసిందే. పాస్‌పోర్టులో నా వీసా స్టాంపు గడువు అయిపోయింది. సెప్టెంబర్ 2 నుంచి చాలామందికి డ్రాప్‌బాక్స్ తీసేశారు. సెప్టెంబర్ 19న శుక్రవారం పూట ఆ లక్ష డాలర్ల హెచ్-1బి ప్రకటన వచ్చి పడింది. అది కొత్త పిటిషన్లకే అని మర్నాడు వివరణ ఇచ్చారు కానీ, ఈలోపే మా కంపెనీ లాయర్ నుంచి "ప్రయాణాలు పెట్టుకోవద్దు" అని మెయిల్ వచ్చేసింది. ఆదివారం టికెట్లు క్యాన్సిల్ చేశాను. సూట్‌కేసులు వారం రోజులు హాల్లో అలాగే నిలబడి ఉన్నాయి. వాటిని దాటుకుంటూ వెళ్ళి స్టాండప్ మీటింగుల్లో "నో బ్లాకర్స్" అని చెప్పేవాణ్ణి.

అమ్మకి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. ఆఖరికి, "రాకుంటే రాకపోయినవ్ గని బిడ్డా, కోడలు తోటి బతుకమ్మనన్న పేర్వు. ఆడ పూలు దొరుకుతయా?" అంది.

దొరుకుతాయా? మూడేళ్ళు ఇక్కడుండి నాకే తెలియదు!

శనివారం బయల్దేరాం. దారి పొడుగునా రోడ్డు పక్కన పసుపుపచ్చగా గుబురులు గుబురులుగా పూలు. ఇన్నేళ్ళూ అరవై మైళ్ళ స్పీడులో వాటిని దాటి వెళ్ళిపోయాం. కారు దిగి చూస్తే, దూరానికి అచ్చం తంగేడు! పేరు గోల్డెన్‌రాడ్ అట. ఎప్పుడూ యాపిల్స్‌కి వెళ్ళే తోట దగ్గర చామంతుల కుండీలు అమ్ముతున్నారు. కావాల్సినన్ని కొని, తోటాయన్ని అడిగాను: "గుమ్మడాకులు కావాలండీ."

"ఆకులా? కాయలు వద్దా?"

పూలు పేర్చే ముందు అడుగున గుమ్మడాకులు పరుస్తామని, తొమ్మిది రోజుల ఆడవాళ్ళ పండగని, ఆఖర్న నీళ్ళలో వదుల్తామని చెప్పాను. ఆయన గడ్డం గోక్కుంటూ విన్నాడు. సెప్టెంబర్ ఆఖరుకి ఆకులన్నిటికీ బూడిద తెగులు పడుతుందట, కంచె పక్కన ఆలస్యంగా వేసిన సాళ్ళలో మంచివి ఉంటాయని తనే తీసుకెళ్ళి చూపించాడు. గోల్డెన్‌రాడ్ ఎంతైనా కోసుకోమన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "నీళ్ళు కావాలన్నావుగా, వెనకాల మా చెరువుంది" అన్నాడు.

అక్కడే ఆకుల రంగుల గురించి కూడా చెప్పాడు. పసుపు రంగు ఆకులో ముందునుంచీ ఉంటుందట, ఆకుపచ్చ కప్పేస్తుంది కాబట్టి కనపడదు. చలి మొదలై పొద్దు తగ్గాక ఆకుపచ్చ విరిగిపోతే అది బయటపడుతుంది. ఎరుపు మాత్రం ఆ చివరి వారాల్లో కొత్తగా తయారవుతుంది. ఈలోపు చెట్టు ఆకులో పనికొచ్చే పోషకాల్ని వెనక్కి లాక్కుని, కాడ దగ్గర సీలు వేసుకుంటుంది. మన భాషలో చెప్పాలంటే గ్రేస్‌ఫుల్ షట్‌డౌన్ అన్నమాట. మన సర్వర్లకే చేతకాదు అది :)

ఆదివారం పొద్దున పళ్ళెంలో ఆకులు పరిచి, మా ఆవిడ చెప్తుంటే నేను వరసలు అందించాను. తొమ్మిదిన్నరకి ఇంటికి వీడియో కాల్ చేశాం. అక్కడ సాయంత్రం ఏడు, వాకిట్లో ఆట మొదలయ్యే వేళ. అమ్మ ఫోన్ పట్టుకెళ్ళి నాయనమ్మ ముందు పెట్టింది. నన్ను చూసి "ఎవలు?" అంది. గొంతులో ఏదో అడ్డుపడింది నాకు. అమ్మ నా పేరు చెప్పినా పోల్చుకోలేదు. నేను కెమెరా బతుకమ్మ వైపు తిప్పాను. కాసేపు కళ్ళు చిట్లించి చూసి, విసుక్కుంది:

"గౌరమ్మేది? గౌరమ్మను వెట్టకుంట పేర్చిండ్రేంది?"

నిజమే, మర్చిపోయాం! మా ఆవిడ వంటింట్లోకి పరిగెత్తి, పోపుల డబ్బాలో ఉన్న పసుపు తడిపి ముద్ద చేసి పైన పెట్టింది. "ఆఁ, గిప్పుడు మంచిగుంది" అంది నాయనమ్మ. ఆ రోజు నన్ను గుర్తుపట్టలేదు. గౌరమ్మ లేకపోవడాన్ని మాత్రం దాదాపు ఎనిమిదివేల మైళ్ళ దూరం నుంచి పట్టేసింది.

సాయంత్రం చెరువు దగ్గర ఇద్దరమే ఆడాం. ఇద్దరు వలయం ఎలా కడతారని అడగకండి. తోటాయన, ఆయన భార్య గట్టు మీద నిలబడి చూశారు, రెండో పాటకి ఆవిడ కూడా వచ్చి చప్పట్లు కలిపింది.

నా అభిప్రాయం ఒక్కటే. మనలో చాలామందిమి "వచ్చే ఏడాది ఇంటికెళ్తాం", "వచ్చే ఏడాది పెద్ద ఊరికి మారతాం" అనుకుంటూ ఉన్న చోట ఉండకుండానే ఏళ్ళు గడిపేస్తున్నాం. వెళ్ళలేకపోయిన బాధ బతుకమ్మ ఆడితే పోలేదు. పోతుందని మీకు అబద్ధం చెప్పను. కానీ తంగేడులాంటి పూలు మూడేళ్ళుగా మా రోడ్డు పక్కనే ఉంటే చూడకపోవడం వీసా వాళ్ళ తప్పు కాదు కదా!

సూట్‌కేసులు సర్దేస్తుంటే నాయనమ్మ కోసం కొన్న స్వెట్టర్ దొరికింది. పోస్టులో పంపాను. వేసుకుంటోందట, ఎవరిచ్చారో మాత్రం రోజూ అమ్మని అడుగుతోందట.