అక్షరవ్యక్తి

ముప్పై ఏళ్లుగా తరగతి గదిలో పద్యం చదువుతున్నాను. నా కంఠం పట్ల నాకు కొంత గర్వం ఉండేది. పన్నెండు వందల రూపాయల మైకు ఒకటి, చూపు లేని విద్యార్థి ఒకడు కలిసి 2018 వర్షాకాలంలో ఆ గర్వాన్ని అణచివేశారు.

ఆ ఏడు మొదటి సంవత్సరంలో చేరిన ఆ అబ్బాయికి ఎవరైనా చదివి వినిపిస్తేనే పాఠం. పరీక్షలో అతడు చెబుతూ ఉంటే వేరొకరు రాస్తారు. కొత్తపేటలోని మా ఇంటి మేడగదిలో కూర్చుని, పాఠ్యపుస్తకంలోని పద్యాలన్నీ చదివి, రికార్డు చేసి ఇచ్చాను. వారం తరువాత అప్పజెప్పమన్నాను. ధారాళంగా చదువుతూ వచ్చి, ‘ఫలము’ అనవలసిన చోట ‘పలము’ అన్నాడు. వెంటనే సరిదిద్దాను.

“మీరిచ్చిన దాంట్లో అలాగే వినపడిందండి మాస్టారూ” అన్నాడు వినయంగా.

ఇంటికి వచ్చి విన్నాను. అతడు చెప్పింది నిజం. ఫలమంటే పండు, పలమంటే ఒక తూకం. ఒత్తు తప్పితే మార్కు తగ్గించే నేనే అతనికి ఒత్తు లేని పద్యం ఇచ్చాను! చూపున్నవాడు అనుమానం వస్తే పుస్తకం తెరుస్తాడు. అతనికి నా గొంతే పుస్తకం. ఆ పుస్తకం తప్పులతడకగా అచ్చయింది.

మైకు చౌకరకమని మొదట నిందించాను. ఆదివారం ఆ అబ్బాయిని ఇంటికి పిలిచి సంగతి చెప్పాను. అతడు గుమ్మంలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టాడు.

“గదిలో సామాను ఏమీ లేదాండి?” అని అడిగాడు.

లేదు. నాలుగు సిమెంటు గోడలు, ఒక బల్ల, ఒక కుర్చీ. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. గోడ పదిహేడు మీటర్ల దూరంలో ఉంటే ప్రతిధ్వని వేరుగా వినిపిస్తుంది. పది అడుగుల గదిలో అది క్షణాంశంలో తిరిగివచ్చి మాటతోనే కలిసిపోతుంది. ఒక అక్షరం ముగియకముందే దాని నీడ తరువాతి అక్షరంపై పడుతుంది. నేను గాంభీర్యం అనుకున్నది నిజానికి ఈ మసకే.

నా చిన్నతనంలో ఉదయం వేళ విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని మా రేడియోలో వినిపించేది. రాజోలు ప్రాంతంలోని శంకరగుప్తంలో 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గళం అందులో ఒక్కొక్క అక్షరాన్నీ విడదీసి అందించేది. ఆ స్పష్టతకు మూలం గళసాధన అని తెలుసు. మాటను మింగే మెత్తని గోడలు కూడా దానికి తోడని మాత్రం ఆనాడే తెలిసింది.

మా ఇంట్లో ఉన్న సామగ్రితోనే మరమ్మతు ప్రారంభించాము. మైకు నా ముఖం వైపు తిరిగి ఉంటుంది కనుక, నా వెనుక గోడను తాకి వచ్చే ధ్వనే దానిలోకి ఎక్కువగా చేరుతుంది. అందుకని ఆ గోడకు పాత పీచు పరుపును నిలబెట్టి, రెండు పక్కలా బొంతలు వేలాడదీశాము. గది మూగబోయినట్లయింది. అయితే బొంత లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుందే కాని వెలుపలి శబ్దాన్ని ఆపలేదు. వరిచేలలోని కప్పల బెకబెకలు నిరాటంకంగా లోపలికి వస్తూనే ఉన్నాయి. వాన వెలిసిన వేకువజామును ఎంచుకోవడం తప్ప దానికి మరో ఉపాయం లేకపోయింది.

ఒత్తును మింగిన ప్రధాన దోషి పంకా. మహాప్రాణాక్షరంలో ఒత్తు అంటే అక్షరం వెంట వెలువడే ఊపిరి. పంకా హోరు కూడా గాలి చప్పుడే. ఒక గాలిలో మరొక గాలి కలిసిపోయింది. కోనసీమ ఉక్కలో పంకా ఆపడం తపస్సే అయినా ఆపాను. అప్పుడు అడుగున సన్నని గుంజారవం ఒకటి బయటపడింది. మన ఇళ్లలోని విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో నడుస్తుంది. ఆ కంపనమే తీగలోకి చొరబడింది. ల్యాప్‌టాప్‌ను చార్జరు నుంచి తప్పించి, మైకు తీగను కరెంటు తీగకు దూరంగా జరిపితే అదీ పోయింది.

మైకుకు జానెడు దూరంలో కూర్చున్నాను. వెంటనే ప, ఫ, బ, భలు ఢక్కుఢక్కుమన్నాయి. పెదవులు విడివడినప్పుడు వెలువడే గాలి మైకును నేరుగా తాకుతోంది. మా ఇంటావిడ కుట్టుపని చట్రానికి పల్చని గుడ్డ బిగించి అడ్డుపెట్టి, మైకును కొద్దిగా పక్కకు తిప్పాము. ఆ చప్పుడు పోయి ఒత్తు మిగిలింది.

అయినా మాట ఒకసారి పెద్దదై, ఒకసారి చిన్నదవుతోంది. “మాస్టారూ, మీరు తల ఊపుతున్నారాండి?” అన్నాడు కుర్రవాడు.

నేను నిర్ఘాంతపోయాను. దూరం రెట్టింపయితే నేరుగా చేరే ధ్వని తీవ్రత నాలుగోవంతుకు పడిపోతుంది. అంతకన్నా సిగ్గుపడవలసిన విషయం మరొకటి ఉంది. పాణినీయ శిక్ష ఆరుగురు అధమ పాఠకులను పేర్కొన్నది. తల ఊపుతూ చదివేవాడు, తొందరగా చదివేవాడు, గొంతు చాలనివాడు ఆ జాబితాలో ఉన్నారు. ఉత్తమ పాఠకుని గుణాలలో అక్షరవ్యక్తి, అంటే ప్రతి అక్షరమూ స్పష్టంగా వినిపించడం, ఒకటి. ఆ గ్రంథాన్ని నేను తరగతిలో ఎన్నిసార్లో ఉదాహరించాను. దానిలోని దోషి నేనేనని చెప్పడానికి చూపు లేని శిష్యుడు కావలసివచ్చింది.

పద్యాలన్నీ మళ్లీ చదివాను. ఈసారి అతడు ‘ఫలము’ అన్నాడు.

ఆనాటి నుంచి నన్ను ఒక ఆలోచన వదలలేదు. మా తరగతి గదులూ సిమెంటు గోడలవే. అక్కడా పంకాలు తిరుగుతాయి. అక్కడా నేను తల ఊపుతూనే చదివాను. ఈ ముప్పై ఏళ్లలో చివరి బెంచీ వరకూ చేరని ఒత్తులెన్నో! ఆ పిల్లల జవాబుపత్రాలలో నేను ఎర్ర సిరాతో చుట్టిన తప్పులలో నావి ఎన్నో! ఇప్పుడు పద్యం ప్రారంభించే ముందు చివరి వరుసను అడుగుతున్నాను: “వినపడుతోందా?”