వెనక కాళ్లు పడిపోయిన కుక్క, ఇంటి పద్దు

పెంపుడు కుక్క ఉన్నట్టుండి వెనక కాళ్లు ఈడ్చడం మొదలుపెట్టినప్పుడు ఇంటివారి ముందున్న ప్రశ్న పైకి వైద్యానిదిగా కనిపించినా అందులో సగం డబ్బుది. ఎంత ఉంది అన్నదానికన్నా ఎన్ని గంటల్లో చేతికి వస్తుంది అన్నదే అక్కడ ముఖ్యం.

డాక్స్‌హుండ్ వంటి పొట్టి కాళ్ల, పొడవు నడుము జాతుల్లో దీనికి తరచుగా కనిపించే కారణం వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండవలసిన డిస్క్ చెడిపోవడం. ఈ జాతుల్లో డిస్క్ నడిమి గుజ్జు చిన్న వయసులోనే ఎండి, సున్నం పట్టి, సోఫా మీది నుంచి దూకినప్పుడో, ఏ కారణమూ లేకుండానో, చుట్టూ ఉన్న నారపొరను చీల్చుకొని వెన్నుపామును నొక్కుతుంది. తీవ్రతను వైద్యులు 5 మెట్లుగా చూస్తారు: నొప్పి మాత్రమే ఉండడం, తూలుతూ నడవడం, కాళ్లు కదిలినా నడవలేకపోవడం, పూర్తిగా చచ్చుబడడం, చివరిగా లోతు నొప్పి కూడా తెలియకపోవడం. కాలివేలిని ఎముకదాకా గట్టిగా నొక్కినప్పుడు కుక్క తల తిప్పి చూడాలి, లేదా మూలగాలి. కాలు వెనక్కి లాక్కోవడం మాత్రమే చాలదు, ఎందుకంటే అది మెదడు ప్రమేయం లేకుండా జరిగే ప్రతిచర్య. పట్టకారు తప్ప మరే పరికరమూ అక్కరలేని ఈ పరీక్ష మీదే మిగిలిన ఖర్చంతా ఆధారపడుతుంది: ఆ నొప్పి తెలుస్తున్నంతకాలం శస్త్రచికిత్స తరువాత పదింట తొమ్మిది కుక్కల వరకు మళ్లీ నడుస్తాయి, అది పోయాక ఆ అవకాశం సుమారు సగానికి దిగుతుంది.

ఈ వ్యాసకర్త ఇంటి పద్దులో మొదటి రెండు రోజుల ఖర్చు కాల్షియం మాత్రలకు, బి12 ఇంజెక్షన్లకు, మర్దన నూనెకు, ఒక ఎక్స్‌రేకు పోయింది. వెన్నుపాము ఎక్స్‌రేలో కనబడదు, దానికి ఎమ్మారై కావాలి. అయినా చవకగా దొరికినవన్నీ ముందుగా కొన్నారు. చవక అన్న ఒక్క కారణంతో పెట్టిన ఖర్చు ఇంత ఖరీదుగా తేలడం ఆ పద్దులో మరెక్కడా లేదు, ఎందుకంటే ఆ రెండు రోజుల్లో కుక్క రెండో మెట్టు నుంచి మూడో మెట్టుకు దిగజారింది.

డబ్బు లేక కాదు. అత్యవసరానికని దాచిన మొత్తం పన్ను ఆదా కోసం వేసిన 5 ఏళ్ల డిపాజిట్లో ఉంది, దానిని గడువుకు ముందు తీసే వీలు లేదు. చివరకు బంగారు గొలుసు తాకట్టు పెట్టి ఎమ్మారై తీయించి, వెన్నుపూస ఎముకను ఒక పక్క తొలిచి లోపలి గుజ్జును తీసివేసే శస్త్రచికిత్స చేయించారు. నడక తిరిగి వచ్చేవరకు మూత్రాశయాన్ని చేతితో నొక్కి ఖాళీ చేయడం, పంజరంలో వారాల విశ్రాంతి, ఫిజియోథెరపీ వంటివాటి ఖర్చు మొదటి అంచనాలో అసలు లేదు.

కారణం ప్రతిసారీ ఇదే కాకపోవచ్చు. పెద్ద జాతుల్లో ఆటమధ్యలో ఒక పక్క కాలు పడిపోయి, కాసేపటికే నొప్పి లేకుండా పోతే, వెన్నుపాము రక్తనాళంలో డిస్క్ ముక్క అడ్డుపడి ఉండవచ్చు. దానికి శస్త్రచికిత్స అక్కర లేదు, ఫిజియోథెరపీయే చికిత్స. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల వంటి చోట్ల నరాల పరీక్ష ముందుగా చేయించాలనడానికి ఇది రెండో కారణం.

తరువాత బీమా గురించి విచారిస్తే, అప్పటికే వచ్చిన జబ్బుకు పాలసీ వర్తించదని తేలింది. ఆరోగ్య బీమా ప్రీమియంపై దొరికే పన్ను మినహాయింపు కుక్కల పాలసీకి లేదు. అందువల్ల ఆ ఇంట నెలకు 1,500 రూపాయలు, ఏ రోజైనా తీసుకోగల పొదుపు ఖాతాలో విడిగా వేస్తున్నారు. రెండేళ్లకు అది 36,000 అవుతుంది. వడ్డీ తక్కువే. గొలుసు ఆరు నెలలకు విడిపించారు. కుక్క నడుస్తోంది, మలుపుల దగ్గర మాత్రం వెనక భాగం ఇప్పటికీ కొంచెం తూలుతుంది.