గుండె ఆగింది సరే, ఎందుకు ఆగింది?

మరణ ధ్రువపత్రంలో కారణం రాయాల్సిన గడి దగ్గరికి వచ్చేసరికి మా డాక్టర్ల చెయ్యి దానంతటదే రాసేసే మాట ఒకటుంది: కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్. గుండె ఆగింది, ఊపిరి ఆగింది అని. అది చావుకు కారణం కాదు, చావుకు ఇంగ్లీషు పేరు. ఆ లెక్కన అంపశయ్య మీద భీష్ముడూ దాంతోనే పోయాడు, పాము కరిచిన పరీక్షిత్తూ దాంతోనే పోయాడు. ఆసుపత్రి మరణాలకు వాడే నాలుగో నంబరు ఫారంలోనే అచ్చేసి ఉంటుంది, చావుకు దారితీసిన జబ్బు రాయండి, ప్రాణం పోయిన తీరు రాయకండి అని. చదివేదెవరు? 2020లో దేశం మొత్తమ్మీద నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఆ కాసిన్ని కాగితాల్లోనూ ఈ మాట దొర్లుతూనే ఉంటుంది. కాస్త మనసు ఒప్పనివాళ్లు ‘వైరల్ న్యుమోనియా’ అని రాసి పక్కన ఒక ప్రశ్నార్థకం పెడతారు. ఆ ప్రశ్నకు జవాబు ఎదురుగా బల్ల మీదున్న శరీరంలోనే ఉంది. మర్నాటికి అది బూడిదవుతుంది, లేదా మట్టిలో కలుస్తుంది. ప్రశ్నార్థకం మాత్రం రికార్డు గదిలో పదిలంగా ఉంటుంది.

బతికుండగానే ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశాం, పాజిటివ్ వచ్చింది, ఇంకా పోయాక ఊపిరితిత్తుల ముక్క తీసి చూడాల్సిన పనేమిటి అని అడిగేవాళ్లున్నారు. అలా అడిగేవాళ్లలో డాక్టర్లకూ కొదవలేదు. ముక్కు ఉన్నంతకాలం పడిశం ఉంటుందని పెద్దలు ఊరికే అనలేదు. రైనోవైరస్ లాంటి జలుబు వైరస్‌ల ఆనవాళ్లు జలుబు తగ్గాక కూడా వారాల తరబడి ముక్కులో మిగులుతాయి. తుమ్మయినా తుమ్మని పిల్లల ముక్కుల్లోనూ దొరుకుతాయి. దొంగతనం జరిగిన వీధిలో కనబడ్డ ప్రతివాడూ దొంగ కాడు. దీనికి రెండోవైపు కూడా ఉంది. జబ్బు ఛాతీలోకి దిగిపోయాక ముక్కు ఖాళీ కావచ్చు. అప్పుడు పుల్ల నెగటివ్ అంటుంది, ఊపిరితిత్తి మాత్రం మండుతూనే ఉంటుంది. అంటే ముక్కు పరీక్ష చెప్పేది వైరస్ ఇంటి గుమ్మం తొక్కిందా లేదా అన్నంతవరకే. లోపల ఏం చేసిందో చెప్పాల్సింది లోపలి కండే. వైరస్ ఉండటం వేరు, వైరస్ చంపడం వేరు. ఈ రెంటి మధ్య తేడా తేల్చడానికే శవపరీక్ష కణజాలం కావాలి. దాన్ని కూడా ఒక్క పరీక్షతో కాదు, రెండు మూడు రకాలుగా చదవాలి.

మొదటిది అందరికీ ఇప్పుడు పేరు తెలిసిన ఆర్‌టీ-పీసీఆర్. కోవిడ్ పుణ్యమా అని పాన్‌షాపు దగ్గర కూడా సీటీ విలువల మీద చర్చలు నడిచాయి. ముక్కలోంచి ఆర్‌ఎన్‌ఏ లాగి, వైరస్‌కు సంబంధించిన ఒక తునకను కోట్ల రెట్లు పెంచి చూస్తారు. చిటికెడు వైరస్ ఉన్నా పట్టేస్తుంది. దాని బలమూ అదే, దాని దోషమూ అదే. గొంతుక కోసిన కత్తినే కడక్కుండా ఊపిరితిత్తి అంచున పెడితే, గొంతులోని వైరస్ ఊపిరితిత్తి లెక్కలో పడుతుంది. ఇక ముక్క ఫార్మలిన్‌లో వేసి మైనంలో పోతపోసి ఉంచినదైతే ఆర్‌ఎన్‌ఏ తుక్కుతుక్కుగా తెగిపోయి ఉంటుంది. అందులో పొడుగు తునక వెతికితే దొరకదు, వంద అక్షరాల పొట్టి తునకలే వెతకాలి. అందుకే వైరస్‌తో పాటు ఆ మనిషి సొంత జన్యువు ఒకదాన్ని కూడా అదే గొట్టంలో వెతుకుతారు. మనిషి జన్యువే కనబడకపోతే ఆ ముక్క పాడైపోయిందని అర్థం, వైరస్ లేదని కాదు. ఈ చిన్న జాగ్రత్త లేని నెగటివ్ రిపోర్టు చిత్తుకాగితంతో సమానం.

పీసీఆర్ ఎంత సూక్ష్మగ్రాహి అయినా కళ్లు లేనిది. ముక్కను నూరి ద్రవం చేశాక వైరస్ ఏ కణంలో కూర్చుందో అది చెప్పలేదు. కళ్లు ఇచ్చేది ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. వెంట్రుక కన్నా పలచగా కోసిన పొరను స్లైడు మీద పరిచి, ఆ వైరస్ ప్రొటీనుకు మాత్రమే అతుక్కునే యాంటీబాడీని పోసి, దానికి రంగు తగిలిస్తారు. మైక్రోస్కోపులో చూస్తే చుట్టూ నీలిరంగు కేంద్రకాలు, వాటి నడుమ శ్వాసనాళపు గోడ కణాలు గోధుమరంగుకు తిరిగి, కొన్ని ఊడి నాళం మధ్యలో కుప్పగా పడి ఉంటాయి. గాయం ఉన్నచోటే వైరస్, వైరస్ ఉన్నచోటే గాయం. ఇంతకన్నా గట్టి సాక్ష్యం వైద్యంలో అరుదు. అయితే ఇక్కడా తొందరపాటు పనికిరాదు. పాత రక్తస్రావం మిగిల్చిన ఇనుము మడ్డి కూడా గోధుమరంగే. వైరస్ ఉందని ముందే తెలిసిన స్లైడు ఒకటి, లేదని తెలిసినది ఒకటి పక్కన పెట్టుకోకుండా చూసేవాడు ప్రతి మరకలోనూ వైరస్‌ను చూస్తాడు. ప్రొటీనుకు బదులు వైరస్ జన్యువునే స్లైడు మీద పట్టే ఇన్ సిటు హైబ్రిడైజేషన్ కూడా ఉంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అయితే వైరస్ రూపాన్నే చూపిస్తుంది, కానీ దానికీ పక్కసాక్షి కావాలి. 2020లో మూత్రపిండాల ముక్కల్లో కరోనా వైరస్ కనబడిందంటూ వచ్చిన కొన్ని ఫొటోల్లో ఉన్నవి వైరస్‌లు కావనీ, కణంలో మామూలుగా ఉండే చిన్న తిత్తులేననీ అనుభవజ్ఞులు అభ్యంతరం చెప్పారు. కంటికి కనబడ్డదంతా నిజం కాదన్నది వేదాంతులకే కాదు, పెథాలజిస్టులకూ పాఠమే.

మరి ఇన్ని పద్ధతులు ఉండీ చాలాసార్లు ఏమీ దొరకదెందుకు? ఎందుకంటే వైరస్ వచ్చి, కొంప ముంచి, వెళ్లిపోతుంది. ఇంట్లోవాళ్లు పది రోజులు మెడికల్ షాపు బిళ్లలతో నెట్టుకొచ్చి, పదకొండో రోజు ఆక్సిజన్ అందని స్థితిలో తెస్తారు. పదిహేనో రోజున పోయేసరికి వైరస్ ప్రొటీను దాదాపు చెరిగిపోయి ఉంటుంది. మిగిలేది అది తలుపు తీసిపెట్టిన బాక్టీరియా. దీనికి 1918 ఇన్‌ఫ్లుయెంజాను మించిన పాఠం లేదు. అమెరికా సైన్యపు పెథాలజీ సంస్థ ఆనాటి సిపాయిల ఊపిరితిత్తుల ముక్కల్ని మైనపు బిళ్లల్లో దాచి ఉంచింది. 1990లలో జెఫ్రీ టాబెన్‌బర్గర్ బృందం వాటిని వెతికితే చాలావాటిలో వైరస్ జాడ లేదు, బాక్టీరియా న్యుమోనియానే కనబడింది. దక్షిణ కరోలినా శిబిరంలో 1918 సెప్టెంబర్ 26న పోయిన ఇరవై ఒక్కేళ్ల సిపాయి ముక్క మాత్రం వేరు. అతని ఎడమ ఊపిరితిత్తిని బాక్టీరియా నింపేసింది, కుడిది ఇంకా వైరస్ జబ్బు తొలిదశలోనే ఉంది. ఆ కుడివైపు ముక్కలో దొరికిన వైరస్ జన్యు తునకల వివరాలు 1997లో అచ్చయ్యాయి. ఎడమవైపు ముక్క ఒక్కటే దాచి ఉంటే ఏమయ్యేది? ఇన్‌ఫ్లుయెంజా అనుమానం ఉంటే ఊపిరితిత్తి అంచున ఒక్క ముక్క చాలదని, శ్వాసనాళం, పెద్ద కొమ్మలు, మధ్యభాగం, రెండు వైపులా తీయాలని చెప్పేది అందుకే.

అదే 1997లో జోహన్ హల్టిన్ అనే వృద్ధ పెథాలజిస్టు అలాస్కాలోని బ్రెవిగ్ మిషన్ గ్రామంలో మంచు కింద పాతిన శరీరాల్లోంచి మరో ఊపిరితిత్తిని తెచ్చాడు. ఆ ఊళ్లో ఎనభై మంది పెద్దల్లో డెబ్బై ఇద్దరు 1918లో పోయారు. 1951లో అతనే అక్కడ తవ్వి, తెచ్చిన ముక్కలతో వైరస్‌ను పెంచబోతే మొలవలేదు. బతికిన వైరస్ కావాలనే పాత పద్ధతికి అది పనికిరాలేదు, చచ్చిన వైరస్‌ను చదివే కొత్త పద్ధతికి నలభై ఆరేళ్ల తర్వాత అదే నేల జవాబిచ్చింది. ముక్క దాచడంలో ఉన్న కిటుకంతా ఇదే: ఈరోజు చదవలేనిదాన్ని రేపటివాడు చదువుతాడు. ఆ ఇన్‌ఫ్లుయెంజాతో మన దేశంలో పోయినవాళ్లు కోటికి పైనేనని అంచనా. ఆ వైరస్ జన్యువు మొత్తం చదివింది మాత్రం అమెరికా సిపాయిల మైనపు బిళ్లల్లోంచి, అలాస్కా మంచులోంచి. చావులు మనవి, సాక్ష్యాలు వాళ్లవి.

మన దగ్గర శవపరీక్ష జరగదని కాదు. పోలీసు కేసయితే పంచనామా, పోస్టుమార్టం తప్పవు. కానీ అక్కడి చూపంతా విషం మీద, గాయం మీద. లోపలి అవయవాలను చిక్కటి ఉప్పునీళ్ల సీసాలో వేసి ఫోరెన్సిక్ ల్యాబుకు పంపుతారు. విషం వెతకడానికి ఆ ఉప్పునీళ్లు సరిపోతాయి, కణాల రూపం చూడటానికి కాదు. పక్కనే ఒక సీసాలో ఫార్మలిన్ పోసి రెండు ముక్కలు, చిన్న గొట్టంలో ఒక ముక్క ఐసులో పెడితే అయ్యే ఖర్చు టీ ఖర్చు. ఆవకాయకు ఏ ఊట ఎన్నాళ్లు ఉంటుందో తెలిసిన జాతికి ఏ ముక్క ఏ నీళ్లలో వేయాలో తెలియకపోవడం విడ్డూరం.

ఇక అసలైన అభ్యంతరం, కన్నీళ్లతో వచ్చేది: బతికుండగా పెట్టిన బాధ చాలక పోయాక కూడా కోస్తారా? దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసే డాక్టరు తన తల్లి విషయంలోనూ అలాగే మాట్లాడగలడా అని ఒక్కసారి ఆలోచించుకోవాలి. ఇది ప్రేమలోంచి వచ్చే మాట, దీనికి గౌరవంగానే జవాబు చెప్పాలి. ఆ జవాబు ఇప్పుడు ఉంది కూడా. కోయనక్కర్లేదు. పోయిన కొద్ది గంటల్లో బయాప్సీ సూదితో ఊపిరితిత్తులు, కాలేయం లాంటి చోట్ల నుంచి సన్నటి దారాల్లాంటి ముక్కలు తీయవచ్చు. బయటికి కనిపించేది సూది గుర్తే, దహనం ఆలస్యం కాదు. చిన్నపిల్లల మరణాలకు కారణం తేల్చడానికి బంగ్లాదేశ్, మొజాంబిక్, కెన్యా లాంటి దేశాల్లో ఈ పద్ధతినే వాడుతున్నారు. సూది గురి తప్పవచ్చు, పూర్తి శవపరీక్ష ఇచ్చినంత ఇవ్వదు. కానీ గుడ్డి కన్నా మెల్ల నయం. కుటుంబాలు ఒప్పుకోవని ముందే తీర్మానించుకున్న మనం, అసలు ఎంతమందిని కూర్చోబెట్టి మర్యాదగా అడిగామో లెక్క చెప్పగలమా?

మిగిలిన రెండు అభ్యంతరాలు భయం, నిష్ప్రయోజనం. అంటు సోకుతుందన్న భయంతో 2020లో మన దేశంలోనే కాదు, జర్మనీలోనూ మొదట కోవిడ్ శవపరీక్షలు వద్దన్నారు. హాంబర్గ్ నగరం మాత్రం చేయాల్సిందేనంది. అక్కడ మొదటి పన్నెండు మందిలో ఏడుగురి కాళ్ల సిరల్లో, బతికుండగా ఎవరూ అనుమానించని రక్తపు గడ్డలు బయటపడ్డాయి. నలుగురు ఆ గడ్డ ఊపిరితిత్తుల్లో ఇరుక్కునే పోయారు. ఆ తర్వాత లోకమంతా రోగులకు రక్తం పలచబరిచే మందు విషయంలో జాగ్రత్తపడింది. చచ్చినవాణ్ణి చూసి లాభమేమిటి అన్నవాళ్లకు ఆ ఇంజెక్షన్ తీసుకుని ఇంటికెళ్లినవాళ్లే జవాబు. అమెరికాలో తొలి కోవిడ్ మరణం ఫిబ్రవరి నెలాఖరుదని అనుకుంటుండగా, కాలిఫోర్నియాలో ఫిబ్రవరి 6న ఇంట్లో కన్నుమూసిన ఒకరి దాచిన కణజాలంలో ఏప్రిల్‌లో వైరస్ దొరికింది. మూడు వారాల చరిత్ర ఒక సీసాలో ఉండిపోయింది.

మన ఇంటి ముచ్చటా ఒకటుంది. 2003 జూన్, ఆగస్టు నెలల మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు ఉన్నట్టుండి మెదడు జబ్బు వచ్చింది, 183 మంది పోయారు. ఇది మెదడువాపు కానే కాదు, రక్తనాళాల జబ్బు అని వాదించిన డాక్టర్లూ ఉన్నారు. పుణె వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు కొందరు రోగుల నమూనాల నుంచి చండీపుర వైరస్‌ను వేరుచేశారు, చనిపోయిన ఒక బిడ్డ మెదడు ముక్కలో ఆ వైరస్ ప్రొటీన్నూ జన్యువునూ కూడా చూపించారు. శ్వాసకోశ జబ్బు కాదు గానీ పాఠం అదే: వైరస్‌ను గాయం ఉన్నచోటే పట్టుకున్నారు. ఆ ముక్క ఇచ్చిన తల్లిదండ్రులెవరో మనకు తెలియదు. కానీ ఆ బిడ్డ చావుకు ఒక పేరుంది. ఈ రాత్రి ఏదో వార్డులో ఎవరో ఊపిరి విడుస్తారు, డ్యూటీ డాక్టరు పెన్ను తీసి ఆ గడిలో గుండె ఆగిందని రాస్తాడు. ఆ మాట రాసేముందు ఒక్క సూది, ఒక్క సీసా, ఇంటివాళ్లను ఒక్కసారి అడిగే ఓపిక. ఇవేవీ లేకపోతే కనీసం కారణం తెలియదని రాయి నాయనా. అది కూడా నిజమే, పైగా ఫారం అడిగేది అబద్ధం కాదు.