పిట్టల కొత్త

శృంగవరపుకోట నుండి అరకు దారి పట్టినచో కొంత దూరమునకే తూర్పు కనుమలు ఎదురగును. అచ్చటి కొండదొరలు మొదలగువారి పల్లెలలో శరదృతువు నాటికి సామలు, కొఱ్ఱలు పండును. పండినంతమాత్రమున ఎవరును తినరు. తొలివెన్నులను గ్రామదేవతకు సమర్పించి, ఊరంతయు కలసి పండుగ చేసికొనిన పిదపనే ఆ గింజ నోటబెట్టుదురు. ఆ పండుగనే ‘కొత్త’ యందురు: కొఱ్ఱకొత్త, సామకొత్త, చలికాలమున కందికొత్త. పాతగింజ అడుగంటి గంజికే కటకటపడు దినములవి. కంటియెదుట చేను పండియుండగా ఆగుట సామాన్యమా!

1988వ సంవత్సరమున, భాద్రపదము వెళ్ళుచుండగా, కొండయూరి శిష్యుడొకడు నన్ను తన చేనికి తీసికొనిపోయెను. వాని యింట ఇంకను కొత్త కాలేదు. చేనిలోనో, చిలుకలు, పిచ్చుకలు వెన్నులపై వ్రాలి కోలాహలము చేయుచున్నవి. చీమలు బారులుతీరి గింజలు మోయుచున్నవి. గట్టున ఎలుక కన్నముల ముందు పొట్టు కుప్పలు పడియున్నవి. అది యొక ఊరు, ఆనాడు దాని పండుగ! చిన్నయసూరి ‘నీతిచంద్రిక’లోని హిరణ్యకుడు కన్నమునుండి తొంగిచూచునేమో యనిపించెను, తెలుగు పంతులుకు ఎలుక కనబడిన మఱియేమి తోచును?

“మీరు ఆగియుండగా ఇవి తినుచున్నవే!” అంటిని.

“ఆటి కొత్త ముందే అయిపోనాది, మేస్టారూ” అనుచు వాడు వడిసెల త్రిప్పెను. పిట్టలన్నియు లేచి ప్రక్కచేనిలో వ్రాలినవి.