అమ్మీకీ గోదావరికీ కటీఫ్

2022 జులై నుంచి మా అమ్మీకీ గోదావరికీ కటీఫ్. భద్రాచలం దగ్గర 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ నెల 16న నీళ్లు 71 అడుగులు దాటాయి. 1986 తర్వాత అంతటి సైలాబ్ మళ్లీ అదే.

"సందూక్ అటక మీద పెట్టు బేటా" అని అమ్మీ రెండుసార్లు చెప్పింది. వరద వార్తలు రాసే హడావిడిలో "హౌ అమ్మీ" అన్నానే గానీ పెట్టలేదు. సారపాకలో మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి. జాన్ దక్కింది, అల్హందులిల్లాహ్. సందూక్ దక్కలేదు. అందులో అబ్బా మర్హూమ్ రాసిన ఖత్‌లున్నాయి. పెళ్లయిన కొత్తలో అమ్మీకి ఉర్దూలో రాసినవి. సిరా కరిగి కాగితాలన్నీ ముద్దయిపోయాయి. అమ్మీ నన్ను పల్లెత్తు మాట అనలేదు. బ్రిడ్జి మీద వెళ్లేటప్పుడు మాత్రం నది వైపు చూడటం మానేసింది.

మొన్న సెలవుల్లో పిల్లలు సముందర్ చూడాల్సిందేనని జిద్దు చేస్తే కాకినాడ వెళ్లాం. అక్కణ్ణుంచి కోరింగ. 1978లో అభయారణ్యం చేసిన మడ అడవి. 235 చదరపు కిలోమీటర్లట. చెక్క బాట మీద నడుస్తుంటే ఆటు వేళ. నీళ్లు వెనక్కి తగ్గాయి. బురదలోంచి వేళ్లు పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి.

"బురదలో గాలాడదు. అందుకే ఈ వేళ్లు బయటికొచ్చి ఊపిరి తీసుకుంటాయి" అన్నాను.

"దాదీ, చెట్లు నాక్ బయట పెట్టుకున్నాయి!" అంది మా చిన్నది. అందరం నవ్వాం, అమ్మీ తప్ప.

"ఇంత మట్టి ఎక్కడిది బేటా?"

"గోదావరిదే అమ్మీ. పాపికొండలు, ధవళేశ్వరం దాటి గౌతమి పాయలో కొట్టుకొచ్చింది. ఈ వేళ్లు దాన్ని పోనివ్వకుండా పట్టుకుంటాయి. తుఫానొస్తే వెనకున్న ఊళ్లకు అడ్డంగా నిలబడేదీ ఈ చెట్లే."

"యే అప్నీచ్ గోదావరి క్యా?"

"హౌ అమ్మీ."

రైలింగ్ పట్టుకుని చాలాసేపు ఆ బురద వంకే చూసింది. "అయితే మీ అబ్బా ఖత్‌లూ ఇక్కడికే వచ్చుంటాయి" అంది.

రోజూ కాలాలు కాలాలు రాసేవాణ్ణి, నోట మాట రాలేదు. చివరికి "మాఫ్ కరో అమ్మీ. నేనే పెట్టలేదు" అన్నాను. ఇన్నేళ్లలో అదే మొదటిసారి అనడం.

అమ్మీ దుపట్టాతో కళ్లద్దాలు తుడుచుకుంది. "చలో, దస్తర్‌ఖాన్ పరువు. పిల్లలకు భూక్ వేస్తోంది."

తిరుగు ప్రయాణంలో మారేడుమిల్లి ఘాట్ దిగి భద్రాచలం చేరేసరికి మగ్రిబ్ దగ్గరపడింది. బస్సు బ్రిడ్జి ఎక్కబోతుంటే అమ్మీ నా భుజం తట్టింది.

"జరా సరక్ బేటా, కిటికీ పక్కన కూచుంటా."